మెదడు ఎదుగుదలలో మైక్రో ఆర్‌ఎన్‌ఏల పాత్ర ఏమిటి? 22క్యూ11.2 లోపం ఉన్న మా అమ్మాయికి ఆ రక్తపరీక్ష అవసరమా?

ప్రశ్న: గోదారిగట్టు

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర ఒక పల్లె, వ్యవసాయ కుటుంబం. మా అమ్మాయికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. నెలల పిల్లగా ఉన్నప్పుడే గుండెకు ఆపరేషన్ జరిగింది. మాట ఆలస్యంగా వచ్చింది, వచ్చిన మాట కూడా ముక్కుతో పలికినట్టు ఉండేది. ఆరేళ్ల వయసులో రెండుసార్లు ఫిట్స్ వచ్చినప్పుడు రక్తంలో కాల్షియం బాగా తక్కువగా ఉందని తేలింది. ఇవన్నీ వేరువేరు జబ్బులనే అనుకుంటూ వేరువేరు డాక్టర్ల దగ్గరికి తిరిగాము. చివరికి ఒక జన్యువైద్య నిపుణురాలు వీటన్నిటికీ మూలం ఒకటే కావచ్చునని అనుమానించి క్రోమోజోమ్ మైక్రోఅరే పరీక్ష చేయించారు. 22వ క్రోమోజోమ్ జతలో ఒకదాని మీద చిన్న ముక్క లేదని, దానిని 22క్యూ11.2 లోపం అంటారని, తల్లిదండ్రులం మా ఇద్దరిలోనూ అది లేదు కనుక పిల్లలోనే కొత్తగా ఏర్పడిందని ఆవిడ చెప్పారు.

ఆ ముక్కతో పాటు పోయిన జన్యువులలో డీజీసీఆర్8 అనేది ఒకటి ఉందని, అది మైక్రో ఆర్‌ఎన్‌ఏలు తయారయ్యే పనిలో కీలకమైనదని, పిల్లల చదువు మీదా ప్రవర్తన మీదా దాని ప్రభావం కొంత ఉండవచ్చునని కూడా ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి వివరించారు. నేను ఇంటర్లో బైపీసీ చదివాను. డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రొటీన్ అన్నంతవరకు గుర్తుంది కానీ మా పాఠాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ అన్న మాట ఎప్పుడూ వినలేదు.

గత నెలలో ఒక పరీక్షా కేంద్రం ప్రతినిధి మా ఇంటికి వచ్చి, పిల్ల రక్తంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కొలిచి, పెద్దయ్యాక మానసిక వ్యాధి వస్తుందో రాదో ఇప్పుడే చెప్పేస్తామని అన్నాడు. ఖర్చు ఇరవై రెండు వేలు. మా వారు చేయిద్దామంటున్నారు, నాకు మనసు ఒప్పడం లేదు, అలాగని కాదనడానికి తగిన కారణమూ చెప్పలేకపోతున్నాను. ఈ మైక్రో ఆర్‌ఎన్‌ఏలు మెదడు తయారీలో అసలు ఏం చేస్తాయి, ఒక జన్యువు ఒకవైపు లేకపోతే అవి సగానికి సగం పడిపోతాయా, ఆ రక్తపరీక్షతో నిజంగా ఏమైనా తెలుస్తుందా అన్నది తెలిసినవారు దయచేసి చెప్పండి.


జవాబు 1: జీవకణం

మీ ప్రశ్న చదివానమ్మా. నేను హైదరాబాదులో అణు జీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. నా పని ఆర్‌ఎన్‌ఏల మీదే కానీ నేను వైద్యుడిని కాను, కనుక వైద్యం సంగతి ఇక్కడున్న డాక్టర్లకు వదిలిపెడతాను. మీ చివరి ప్రశ్నకు ముందే జవాబు చెబుతాను: ఆ పరీక్ష చేయించవద్దు. మీ మనసు ఒప్పకపోవడమే సరైనది. ఎందుకో చెప్పాలంటే ఈ అణువుల పని తీరును కొంచెం వివరంగా చూడాలి.

జన్యువు నుంచి ఎంఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారవుతుందని, దానిని చదివి కణం ప్రొటీన్‌ను అల్లుతుందని మీకు గుర్తుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ కూడా జన్యువు నుంచే పుడుతుంది కానీ దాని నుంచి ఏ ప్రొటీనూ రాదు. సుమారు 22 అక్షరాల పొడవున్న ఈ తునక ఆర్గొనాట్ అనే ప్రొటీన్‌లో ఇమిడి కూర్చుంటుంది. తన రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం వరకు ఉన్న వరుసకు సరిజోడు ఏ ఎంఆర్‌ఎన్‌ఏ తోకలో ఉందో అక్కడికి చేరి అతుక్కుంటుంది. అలా అతుక్కున్నాక ఆ నకలు నుంచి ప్రొటీన్ తయారవడం మందగిస్తుంది, నకలు కూడా త్వరగా శిథిలమైపోతుంది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ బృందాలు ఒక మిల్లీమీటరు పొడవుండే సీ. ఎలిగాన్స్ అనే పురుగులో లిన్-4 అనే తునక లిన్-14 అనే జన్యువును ఇలా అదుపు చేస్తుందని కనుగొన్నప్పుడు, అది ఆ పురుగుకే పరిమితమైన వింత అని చాలామంది అనుకున్నారు. 2000లో లెట్-7 అనే రెండో తునక దొరికి, అదే వరుస మనిషితో సహా అనేక జంతువులలో ఉందని తేలిన తరువాత గానీ దీని విస్తృతి ఎవరికీ అర్థం కాలేదు. 2024 నోబెల్ వైద్య బహుమతి ఆ ఇద్దరికీ దీనికే వచ్చింది.

ఇక్కడ ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. మైక్రో ఆర్‌ఎన్‌ఏ స్విచ్చు లాంటిది కాదు, ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటిది. ఒక్కొక్క ప్రొటీన్ మీద దాని ప్రభావం సాధారణంగా స్వల్పమే, సగానికి తగ్గించడం కూడా అరుదు. అయితే ఒకే మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందలాది ఎంఆర్‌ఎన్‌ఏల మీద పనిచేస్తుంది, మనిషి జన్యువులలో సగానికి పైగా ఏదో ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ అదుపులో ఉంటాయి. కొంచెం కొంచెంగా వందలచోట్ల ఒకేసారి సెగ తగ్గిస్తే కణం స్వభావమే మారిపోతుంది.

మీది వ్యవసాయ కుటుంబం కనుక మెదడు ఎదుగుదలను ఆకుమడితో పోల్చి చెబుతాను. గర్భంలో మెదడు తయారయ్యేటప్పుడు మొదట మూలకణాలు ఆకుమడిలో నారులా ఒత్తుగా పెరుగుతాయి. ఆ తరువాత ఒక దశలో విభజన ఆపి, ఆ చోటు వదిలి, నాట్లు వేసినట్టుగా తమ తమ పొరల్లోకి చేరి నాడీకణాలుగా స్థిరపడతాయి. లేత నారు పీకేస్తే పొలానికి చాలదు, ముదరనిస్తే సరిగా పిలకలు వేయదు. ఎప్పుడు విభజన ఆపాలి, ఎప్పుడు నాడీకణంగా మారాలి అన్న ఆ అదును విషయంలోనే మైక్రో ఆర్‌ఎన్‌ఏల పాత్ర పెద్దది. మెదడులో అతి సమృద్ధిగా ఉండే మిర్-124 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏను చూడండి. మూలకణ దశలో రెస్ట్ అనే ప్రొటీన్ దీనిని అణచి ఉంచుతుంది. నాడీకణంగా మారే సమయానికి రెస్ట్ తగ్గుతుంది, మిర్-124 పెరుగుతుంది. పెరిగిన మిర్-124, నాడీకణాలకు తగని ఆర్‌ఎన్‌ఏ కూర్పును నిలబెట్టే పీటీబీపీ1 అనే ప్రొటీన్‌ను తగ్గిస్తుంది, దానితో వందలాది జన్యువుల నకళ్లు నాడీకణానికి తగిన రీతిలో కూర్చబడడం మొదలవుతుంది. 2005లో మెదడుతో ఏ సంబంధమూ లేని హీలా కాన్సర్ కణాలలోకి ఒక్క మిర్-124ను ఎక్కిస్తే, వాటిలో వందకు పైగా ఎంఆర్‌ఎన్‌ఏలు తగ్గి, ఆ కణాల తీరు మెదడు కణజాలం వైపు జరిగింది. 2011లో మిర్-124, మిర్-9 రెండూ కలిపి ఇచ్చి, మరికొన్ని ప్రొటీన్ల తోడుతో, మనిషి చర్మకణాలను నాడీకణాలుగా మార్చగలిగారు.

నాకు ఎప్పటికీ గుర్తుండిపోయే ప్రయోగం మాత్రం జీబ్రా చేపల మీద జరిగినది. మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కోసి తయారుచేసే డైసర్ అనే ఎంజైము తల్లి గుడ్డు ద్వారా గానీ స్వంత జన్యువు ద్వారా గానీ ఏమాత్రం అందని పిండాలను తయారుచేసి చూశారు. చేపపిల్ల పిండం గాజులా పారదర్శకంగా ఉంటుంది కనుక సూక్ష్మదర్శిని కింద మెదడు రూపుదిద్దుకోవడం కళ్లారా చూడవచ్చు. ఆ పిండాలలో నాడీకణాలు పుట్టాయి, కానీ మెదడు మెదడులా ఏర్పడలేదు. లోపల ద్రవం నిండే గదులు తెరుచుకోలేదు, నడిమి మెదడుకూ వెనుక మెదడుకూ మధ్య ఉండవలసిన నొక్కు పడలేదు. అప్పుడు మిర్-430 అనే ఒకే ఒక కుటుంబపు తునకలను సూదితో ఎక్కిస్తే ఆ మెదడు చాలావరకు తన సహజ రూపానికి వచ్చింది. ముడిసరుకు అంతా ఉండి కూడా మోతాదులు సరిచూసే అణువు లేకపోతే ఏమవుతుందో చూడడానికి ఇంతకన్నా స్పష్టమైన దృశ్యం నాకు తెలియదు.

ఇప్పుడు మీ అమ్మాయి సంగతికి వస్తాను. మైక్రో ఆర్‌ఎన్‌ఏ మొదట పొడవైన ఆర్‌ఎన్‌ఏగా పుట్టి, జడకు పెట్టుకునే పిన్నులా తనమీద తానే మడతపడుతుంది. ఆ మడతను గుర్తించి పట్టుకునేది డీజీసీఆర్8, పట్టుకున్నచోట కోసేది డ్రోషా. కోసిన ముక్క కేంద్రకం దాటి బయటికి వచ్చాక డైసర్ దానిని మరోసారి కోస్తుంది. డీజీసీఆర్8 అన్న పేరే మీ అమ్మాయికి ఉన్న లోపం నుంచి వచ్చింది. ఈ లక్షణాలను 1960లలో వర్ణించిన అమెరికన్ వైద్యుడు ఆంజెలో డిజార్జ్ పేరు మీద, ఆ ప్రాంతంలోని ఎనిమిదో జన్యువుగా దానికి ఆ పేరు పెట్టారు. అది మైక్రో ఆర్‌ఎన్‌ఏల తయారీకి ఎంత ముఖ్యమో 2004లో బయటపడింది.

ఒక ప్రతి పోతే సగానికి సగం పడిపోతాయా అని అడిగారు. పడిపోవు, అందుకు చక్కని కారణం ఉంది. డీజీసీఆర్8 స్వంత ఎంఆర్‌ఎన్‌ఏలో కూడా అలాంటి పిన్ను మడతే ఒకటి ఉంటుంది. డ్రోషా, డీజీసీఆర్8 జంట ఎక్కువగా ఉన్నప్పుడు ఆ నకలునే కోసేసి తన ఉత్పత్తిని తానే తగ్గించుకుంటుంది. జంట తక్కువైతే ఆ కోత తగ్గి, ఉన్న ఒక్క జన్యువు నుంచే ఎక్కువ నకళ్లు నిలుస్తాయి. ఈ సర్దుబాటు లోటును కొంత పూడుస్తుంది కానీ పూర్తిగా పూడ్చదు. 2008లో కొలంబియా విశ్వవిద్యాలయం బృందం ఇదే ముక్క లోపించిన ఎలుకలను పరిశీలించినప్పుడు, మెదడులో అన్నీ కాక కొన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు మాత్రమే తగ్గాయని, కోతకు నోచుకోని పొడవైన ఆర్‌ఎన్‌ఏలు పేరుకున్నాయని తేలింది. డీజీసీఆర్8 ఒక్కటే ఒక ప్రతి లేని ఎలుకలలో కూడా పని జ్ఞాపకశక్తి, అంటే చేస్తున్న పనికి కావలసినవి కాసేపు గుర్తుపెట్టుకునే శక్తి, కొంత తగ్గింది, పెద్ద శబ్దానికి ముందు వచ్చే చిన్న శబ్దాన్ని హెచ్చరికగా తీసుకునే సహజ ప్రతిస్పందన బలహీనపడింది. అయితే మీ అమ్మాయికి వచ్చిన ఇబ్బందులన్నిటినీ ఈ జన్యువు మీదే వేయకూడదు. సాధారణంగా ఈ లోపంలో 30 లక్షల అక్షరాల మేర ముక్క పోతుంది, అందులో నలభైకి పైగా జన్యువులు ఉంటాయి. గుండె లోపానికి ప్రధాన కారణంగా చెప్పేది టీబీఎక్స్1 అనే వేరే జన్యువును.


జవాబు 2: పరీక్షనాళిక

నేను విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలలో పదకొండేళ్లుగా రక్తనమూనాల నుంచి ఆర్‌ఎన్‌ఏ వేరుచేసే పని చేస్తున్నాను. పై జవాబులో రక్తపరీక్ష ఎందుకు వద్దో పూర్తిగా చెప్పలేదు కనుక ఆ ఒక్క విషయం మీదే రాస్తాను.

రక్తంలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఉండడం నిజం, అవి ఆశ్చర్యం కలిగించేంత నిలకడగా ఉండడమూ నిజం. కానీ అవి అక్కడికి వచ్చేది ఎక్కువభాగం రక్తకణాల నుంచి, రక్తనాళాల గోడల నుంచి, కాలేయం లాంటి పెద్ద అవయవాల నుంచి. మెదడు నుంచి వచ్చే భాగం చాలా స్వల్పం, అందులో ఏది ఎక్కడ నుంచి వచ్చిందో విడదీయడం కష్టం. దీనికి తోడు ఒక ఆచరణలోని చిక్కు ఉంది. నమూనా తీసేటప్పుడు సూది సన్నదై రక్తం బలవంతంగా లాగినా, గొట్టాన్ని గట్టిగా ఊపినా, ఎండలో మోటారు సైకిలు పెట్టెలో రెండు గంటలు తిప్పినా కొన్ని ఎర్ర రక్తకణాలు పగులుతాయి. యంత్రంలో తిప్పి వేరుచేసిన ప్లాస్మా గడ్డిరంగులో ఉండవలసింది లేత గులాబీగా కనిపిస్తే అది జరిగిందని అర్థం. ఒక్కోసారి కంటికి రంగు తేడా తెలియకపోయినా నష్టం జరిగే ఉంటుంది. ఎర్రకణాలలో మిర్-451, మిర్-16 విపరీతంగా ఉంటాయి కనుక అవి బయటపడగానే మొత్తం లెక్క తారుమారవుతుంది. అందుకే మేము ప్రతి నమూనాలోనూ మిర్-451ను, కణాలు పగిలినా పెద్దగా మారని మిర్-23ఏను పక్కపక్కన కొలిచి, తేడా హద్దు దాటితే ఆ నమూనాను పారేస్తాము. నేను పనిలో చేరిన కొత్తలో, ఒక ఊరి శిబిరం నుంచి వచ్చిన నలభై నమూనాలలో రోగులకూ ఆరోగ్యవంతులకూ మధ్య చక్కని తేడా కనిపించిందని మేమంతా సంబరపడ్డాము. తరువాత విచారిస్తే రోగుల రక్తం మధ్యాహ్నం తీసి సాయంత్రం పంపారని, ఆరోగ్యవంతుల రక్తం పరిశోధనశాలలోనే తీశారని తెలిసింది. మేము కొలిచింది జబ్బును కాదు, ప్రయాణాన్ని.

ఆటిజం, స్కిజోఫ్రీనియా (లేనివి ఉన్నట్టు అనిపించే తీవ్ర మానసిక వ్యాధి), మూర్ఛ, అల్జీమర్స్ వంటి వాటికి రక్తంలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలను సూచికలుగా వాడవచ్చునా అన్న పరిశోధన ప్రపంచమంతటా నడుస్తోంది, అది విలువైన పనే. కానీ ఒకచోట తేలిన జాబితా మరొకచోట తేలిన జాబితాతో తరచు కలవదు. ఒక పిల్లకు భవిష్యత్తులో మానసిక వ్యాధి వస్తుందో రాదో ఒక గొట్టం రక్తంతో చెప్పగల మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఈరోజు లేదు. అలా చెప్పగలమని ఇంటికి వచ్చి డబ్బు అడిగినవారు మీకు అబద్ధం చెప్పారు. మీ వారికి ఈ మాట చూపించండి.


గోదారిగట్టు

మీ ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. ఆకుమడి పోలిక మా వారికి చదివి వినిపించాను, పరీక్ష ఆలోచన మానుకున్నారు. మరో రెండు సందేహాలు ఉన్నాయి. ఎలుకలలో తగ్గిన మైక్రో ఆర్‌ఎన్‌ఏలను తిరిగి ఎక్కిస్తే బాగుపడ్డాయని ఎక్కడో చదివాను. అలాంటి చికిత్స పిల్లలకు ఎప్పటికైనా వస్తుందా? ఇంకొకటి, మా బంధువు ఒకాయన ఏదో దేశవాళీ బియ్యం తింటే అందులోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఒంట్లోకి చేరతాయని వీడియో పంపించారు. ఇందులో నిజం ఉందా?


జవాబు 3: బాలనాడి

నేను పిల్లల నాడీవైద్యుడిని. గుంటూరులో పనిచేస్తున్నాను. 22క్యూ11.2 లోపం ఉన్న పిల్లలను చూస్తూనే ఉంటాను. సుమారు 4000 జననాలకు ఒకరి చొప్పున ఉంటుందని చాలాకాలంగా చెప్పే లెక్క. గుండె, అంగిలి, కాల్షియం ఒకే పిల్లలో కలిసి కనిపించినా వాటిని కలిపి ఆలోచించక మీలాగే ఏళ్ల తరబడి తిరిగే తల్లిదండ్రులు చాలామంది.

మీరు చదివిన ఎలుకల ప్రయోగం నిజమే, అది నాకు చాలా ముఖ్యమైనదిగా తోస్తుంది. ఈ లోపం ఉన్నవారిలో సుమారు నలుగురిలో ఒకరికి యుక్తవయసు చివర్లో గానీ ఆ తరువాత గానీ స్కిజోఫ్రీనియా రకపు లక్షణాలు వస్తాయి. లోపం పుట్టుకతోనే ఉన్నప్పుడు జబ్బు అంత ఆలస్యంగా ఎందుకు వస్తుందన్నది పెద్ద చిక్కుప్రశ్న. 2017లో అమెరికాలోని సెయింట్ జూడ్ పరిశోధన ఆసుపత్రి బృందం ఎలుకల మెదడులో, చెవి నుంచి వచ్చే సమాచారాన్ని థలమస్ అనే లోపలి భాగం నుంచి మెదడు పైపొర అయిన వల్కలానికి చేర్చే నాడీ సంధులను, అంటే నాడీకణాలు ఒకదానికొకటి సంకేతాలు అందించుకునే చోట్లను, పరిశీలించింది. డీజీసీఆర్8 ఒక ప్రతి లేని ఎలుకలలో ఆ సంధులు పిల్లదశలో బాగానే పనిచేసి, ఎదిగిన తరువాత బలహీనపడ్డాయి. కారణం వెతికితే థలమస్‌లో మిర్-338-3పీ అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ తక్కువగా ఉందని, దాని మోతాదు వయసుతో పాటు ఇంకా తగ్గుతుందని, దాని అదుపు తప్పడంతో డోపమిన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే గ్రాహకం ఒకటి పెరిగిపోయి ఆ దారిని మందగింపజేస్తోందని తేలింది. ఆ ఒక్క మైక్రో ఆర్‌ఎన్‌ఏను థలమస్‌లో తిరిగి పెంచితే సంధులు కోలుకున్నాయి. చిన్నప్పుడు కనబడని లోటు యుక్తవయసులో ఎందుకు బయటపడుతుందో చెప్పగల ఒక దారి ఇందులో ఉంది. అయితే అక్కడ చికిత్స ఇచ్చింది ఎలుక మెదడులో ఒక ఆవగింజంత చోటుకు, నేరుగా లోపలికి. ఆ పద్ధతి మీ అమ్మాయికి ఇప్పుడు పనికివచ్చేది కాదు.

మూర్ఛలోనూ ఇలాంటి ఆశ ఉంది. మిర్-134 అనేది నాడీకణపు కొమ్మల మీద ఉండే చిన్న ముళ్ల వంటి భాగాల పరిమాణాన్ని అదుపు చేస్తుంది. 2012లో డబ్లిన్‌లో ఎలుకలకు దీనిని అడ్డుకునే మందు మెదడులోకి ఎక్కించినప్పుడు, తరువాత వచ్చే మూర్ఛలు బాగా తగ్గాయి. కానీ ఒకేసారి వందల జన్యువులను తాకే అణువును మందుగా వాడడంలో ప్రమాదమూ అదే స్థాయిలో ఉంటుంది. కాన్సర్ రోగులకు మిర్-34ను మందుగా ఇచ్చిన ఒక పరీక్షను, రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన తీవ్ర దుష్ప్రభావాలు, మరణాలు సంభవించడంతో 2016లో ఆపివేయవలసి వచ్చింది. స్వయంగా మైక్రో ఆర్‌ఎన్‌ఏనే మందుగా గానీ, దానిని అడ్డుకునేదాన్ని మందుగా గానీ మెదడు జబ్బులకు వాడేందుకు ఈనాటికి అనుమతి లేదు. కనుక ఎవరైనా అలాంటి ఇంజెక్షను ఇస్తామంటే నమ్మవద్దు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నవి చెబుతాను, ఇవి మైక్రో ఆర్‌ఎన్‌ఏల కన్నా మీ పిల్లకు ఎక్కువ ఉపయోగపడతాయి. కాల్షియం ఇప్పుడు సరిగా ఉన్నా ఏటా చూపించండి. ఏదైనా ఆపరేషను జరిగినప్పుడు, తీవ్రంగా జబ్బు చేసినప్పుడు, రజస్వల అయ్యే వయసులో అది మళ్లీ పడిపోయే అవకాశం ఉంది, ఆ సమయాల్లో వచ్చే ఫిట్స్‌ను మూర్ఛరోగం అనుకుని ఏళ్ల తరబడి మందులు వాడినవారిని నేను చూశాను. ముక్కుమాటకు అంగిలిని ఒకసారి నిపుణులతో పరీక్ష చేయించి, వాక్ చికిత్స ఆపకుండా సాగించండి. బడిలో లెక్కలు, అర్థం చేసుకుని జవాబు రాయడం వంటివి కష్టమైతే అది బద్ధకం కాదని ఉపాధ్యాయులకు వివరించండి. పన్నెండేళ్లు దాటాక ఏడాదికొకసారి మానసిక వైద్యుడికి చూపించే అలవాటు చేసుకోండి. అకారణమైన భయాలు, స్నేహితులకు దూరం కావడం, అంతవరకు వచ్చిన చదువు ఒక్కసారిగా జారిపోవడం కనిపిస్తే ఆ ఏడాది తేదీ దాకా ఆగవద్దు. నలుగురిలో ఒకరికి వస్తుందంటే ముగ్గురికి రాదన్నమాట కూడా గుర్తుంచుకోండి. హైదరాబాదు నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. అమ్మాయి పెద్దదై పెళ్లి, పిల్లల ఆలోచన వచ్చినప్పుడు, తన ప్రతి బిడ్డకూ ఈ లోపం సంక్రమించే అవకాశం సగానికి సగం ఉంటుందన్న విషయం అక్కడ కూర్చుని తనకే వివరంగా చెప్పించండి.


జవాబు 4: జీవకణం

బియ్యం ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. ఆ వీడియో వెనుక ఒక నిజమైన పరిశోధన పత్రమే ఉంది. వరిలో ఉండే మిర్-168ఏ అన్నం ద్వారా మనుషుల రక్తంలోకి చేరుతుందని, ఎలుకల కాలేయంలో ఒక జన్యువును కూడా తగ్గిస్తుందని చైనాలోని నాన్జింగ్ విశ్వవిద్యాలయం వారు 2012లో ప్రచురించారు. అది నిజమైతే చాలా పెద్ద విషయం కనుక ఇతర దేశాల పరిశోధకులు అదే ప్రయోగాన్ని మళ్లీ చేసి చూశారు. వారికి ఆ ఫలితం రాలేదు. తిన్న ఆర్‌ఎన్‌ఏలో అత్యధికభాగం కడుపులోనూ పేగులోనూ జీర్ణమైపోతుంది, రక్తంలో కనిపించిన స్వల్ప మోతాదులు చాలావరకు నమూనాల కల్తీ వల్ల వచ్చినవని తేలింది. ఒకవేళ చేరినా వరి మైక్రో ఆర్‌ఎన్‌ఏ మీ అమ్మాయికి తక్కువైన మైక్రో ఆర్‌ఎన్‌ఏ కాదు. దేశవాళీ బియ్యం రుచికోసం తినండి, దీనికోసం వద్దు.

నా మొదటి జవాబులో ఒక ముఖ్యమైన విషయం వదిలేశాను. లోపించిన ఆ ముక్కలో డీజీసీఆర్8 మాత్రమే కాక, మిర్-185 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ జన్యువు కూడా ఉంది. అంటే తయారుచేసే పనివాడు తగ్గి, తయారు కావలసిన ముడిసరుకు కూడా సగమైంది. అందుకే ఎలుకల మెదడులో మిగతా వాటికన్నా మిర్-185 ఎక్కువగా పడిపోయింది. మిర్-185 మామూలుగా ఈఎంసీ10 అనే జన్యువును అదుపులో ఉంచుతుంది. అదుపు తప్పి పెరిగిన ఆ ప్రొటీన్ వల్ల నాడీకణాల కొమ్మలు పొట్టిగా, ముళ్లు తక్కువగా తయారయ్యాయని 2013లో కొలంబియా బృందం చూపింది. తరువాత వారే ఈఎంసీ10ను తగ్గించి చూస్తే ఆ ఎలుకలలో కొన్ని లక్షణాలు మెరుగయ్యాయి. ఇది డాక్టరు గారు చెప్పిన ప్రమాదానికి ఒక ప్రత్యామ్నాయం చూపిస్తుందని నాకనిపిస్తుంది. వందల చోట్ల తాకే మైక్రో ఆర్‌ఎన్‌ఏను ఎక్కించే బదులు, అది తగ్గడం వల్ల పెరిగిపోయిన ఆ ఒక్క ప్రొటీన్‌ను తగ్గించడం సురక్షితం కావచ్చు. వెన్నెముక కండరాల క్షీణతకు 2016 నుంచి వాడుతున్న నుసినెర్సెన్ అనే మందు, ఒకే ఆర్‌ఎన్‌ఏను గురిపెట్టే చిన్న తునకను నడుములో సూది ద్వారా వెన్నుద్రవంలోకి ఎక్కించి నాడీకణాలకు చేర్చవచ్చునని ఇప్పటికే నిరూపించింది. ఈఎంసీ10 విషయంలో పని ఇంకా పరిశోధనశాల దశలోనే ఉంది. దానిమీద కొత్త ఫలితం ఏది వచ్చినా ఇక్కడే తెలుగులో రాస్తాను.